లేబర్ సర్వే ఆయన వస్తే అమ్మ "ఏ పనీ చేయనండి" అని చెప్పింది, వచ్చే నెల మళ్ళీ వస్తాడట, ఏం చెప్పమనాలి?

పాలకొల్లు_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది నరసాపురం దగ్గర ఒక పల్లెటూరు. నేను ఉద్యోగం మీద హైదరాబాద్‌లో ఉంటున్నాను, ఊళ్ళో అమ్మ, నాన్న, నాయనమ్మ ఉంటారు. పోయిన వారం ట్యాబ్ పట్టుకుని ఒకాయన మా ఇంటికి వచ్చాడట. కేంద్ర ప్రభుత్వం చేసే సర్వే, పేరు పీఎల్‌ఎఫ్‌ఎస్, అంటే ఎవరెవరు ఏం పని చేస్తున్నారో లెక్కేసేది, మీ ఊళ్ళో పన్నెండు ఇళ్ళు వచ్చాయి, అందులో మీదొకటి, వరసగా నాలుగు నెలలు వస్తాను అన్నాడట. ఇంట్లో ఎంతమంది, ఎవరెంత చదివారు, పోయిన ఏడు రోజుల్లో ఏ రోజు ఎవరు ఏం పని చేశారు, ఎన్ని గంటలు చేశారు, ఎంత వచ్చింది, భూమి ఎంత, అద్దెలేమైనా వస్తాయా, బయటినుంచి ఎవరైనా డబ్బు పంపుతారా, నెలకు ఇంటి ఖర్చెంత, ఇలా చాలాసేపు అడిగాడట.

మా వాళ్ళు బాగా భయపడిపోయారు. నాయనమ్మకు నెలకు 4,000 పింఛను వస్తుంది, బియ్యం కార్డు ఉంది, అవి రెండూ పోతాయేమోనని. నాన్న అయితే "కూలికి వెళ్తానండి, అదీ దొరికినప్పుడే" అన్నాడట. నిజానికి నాన్న కౌలుకు వరి చేస్తాడు, సార్వా, దాళ్వా, ఏడాదికి రెండు పంటలూ. కౌలు అంతా నోటిమాటే, కాగితం లేదు. ఆసామి, అంటే పొలం యజమాని, వేరే ఊళ్ళో ఉంటాడు, ఎవరడిగినా పొలం నేనే చేయిస్తున్నానని చెప్పు అని ముందే చెప్పి ఉంచాడు. ఇక అమ్మని అడిగితే "నేనేం చేస్తానండి, ఇంట్లోనే ఉంటాను" అందట. అమ్మ పొద్దున్నే గేదె పాలు పితికి పాల కేంద్రంలో పోసి వస్తుంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక దీపాలు పెట్టే వేళ దాకా అరుగు మీద కూర్చుని లేసు అల్లుతుంది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లిన పీసులకు లెక్కకట్టి డబ్బిస్తాడు. నాయనమ్మ చెప్పిందేమిటంటే, ఆ సర్వే ఆయన అడుగుతున్నంతసేపూ అమ్మ చేతిలో సూది ఆడుతూనే ఉందట, ఆయన కూడా చూశాడట, ఏమీ అనలేదట.

అసలు ఈ సర్వే నిజమైనదేనా? నిజం చెబితే పింఛను, కార్డు పోతాయా? పోవంటే వచ్చే నెల వచ్చినప్పుడు ఏం చెప్పమనాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

వైనతేయ_గట్టు:

తమ్ముడూ, నా మాట విని చెప్పిందే చెప్పమను, మార్చొద్దు. మాది అమలాపురం వైపు. మా ఊళ్ళో ఒక ముసలావిడకు పింఛను ఆగిపోయింది, ఎందుకంటే కరెంటు మీటరు ఇంకెవరిదో ఆవిడ ఆధార్‌కి కలిసిపోయి, నెలకు 300 యూనిట్లు దాటినట్టు కంప్యూటర్లో చూపించింది. ఆవిడ ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను. దాన్ని సరిచేయించడానికి ఆవిడ మనవడు పనులు మానుకుని తిరిగాడు. పల్లెల్లో నెల ఆదాయం 10,000, మాగాణి మూడెకరాలు, కారు, ఇన్‌కం ట్యాక్సు, ఇలా ఒక్కోదానికి ఒక్కో గీత గీసి పెట్టారు, ఏదో ఒక గీత దాటావంటే అయిపోయినట్టే. 2016లో ప్రజా సాధికార సర్వే అన్నారు, తర్వాత వాలంటీర్లు వచ్చారు, 2024 జనవరిలో కులగణన అన్నారు, 2025లో పీ4 సర్వే అన్నారు. వచ్చిన ప్రతివాడూ మీ మంచికే అంటాడు. ఏ సర్వే ఏ కంప్యూటర్లోకి పోతుందో మనకెలా తెలుస్తుంది? పేదవాడికి ఉన్న ఒక్క రక్షణ నోరు మూసుకోవడమే.

సర్వే_సంచి:

నేను ఈ సర్వేల్లోనే కాంట్రాక్టు మీద పనిచేశాను, తూర్పు పశ్చిమ గోదావరి రెండువైపులా తిరిగాను. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు వైనతేయ గారి మాట. ఆయన చెప్పిన బాధ నిజం, అలాంటివి నేను చాలా ఇళ్ళలో విన్నాను, అందుకే గుమ్మంలో అడుగు పెట్టగానే ఆడవాళ్ళ మొహాలు బిగుసుకుపోయేవి. కానీ ఆయన చెప్పిన సర్వేలన్నీ ఒక రకం, మీ ఇంటికి వచ్చింది ఇంకో రకం. పథకాల సర్వేలో ప్రతి ఇంటికీ వెళ్తారు, ఆధార్ అడుగుతారు, వేలిముద్ర గానీ ఓటీపీ గానీ తీసుకుంటారు, ఎందుకంటే మీరెవరో తెలియాలి, మీకు ఇవ్వాలా ఆపాలా తేల్చాలి. పీఎల్‌ఎఫ్‌ఎస్ కేంద్రంలో గణాంకాల శాఖ కింద ఉన్న జాతీయ గణాంక కార్యాలయం చేసేది, 2017 ఏప్రిల్ నుంచి జరుగుతోంది. అందులో ఆధార్ నంబరు అడగరు, బ్యాంకు ఖాతా అడగరు, ఓటీపీ అసలే అడగరు. అక్కడ కావాల్సింది ఇలాంటి ఇళ్ళలో జనం ఎలా బతుకుతున్నారు అన్నది, ఆ ఇల్లు ఎవరిది అన్నది కాదు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టంలో కూడా అదే రాసి ఉంది, అలా సేకరించిన వివరాలు గణాంకాలకు తప్ప వేరే పనికి వాడకూడదు, ఫలానావాళ్ళు ఇలా చెప్పారని బయటపెట్టకూడదు. చివరికి ఆ డేటా ఎవరైనా ఉచితంగా దించుకునేలా నెట్‌లో పెడతారు, పేర్లు, ఇంటి గుర్తులు తీసేసి. నాయనమ్మగారి పింఛనుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, నేను ధైర్యంగా చెబుతున్నాను.

ఇక పన్నెండు ఇళ్ళ సంగతి. 2025 జనవరి నుంచి పద్ధతి మార్చారు. దేశం మొత్తం మీద పల్లెలు, పట్టణాల్లోని బ్లాకులు కలిపి 22,692 చోట్లు, ఒక్కో చోట 12 ఇళ్ళు, అంటే 2,72,304 ఇళ్ళు. ఒక్కో ఇంటికి వరసగా నాలుగు నెలలు వెళ్తారు. దేశంలో ఉన్న ఇళ్ళన్నిటినీ ఈ ఇళ్ళతో భాగించి చూడండి, మీ ఒక్క ఇల్లు దాదాపు వెయ్యి ఇళ్ళ తరఫున మాట్లాడుతున్నట్టు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటాం కదా, ఆ మెతుకు మీ ఇల్లు. మీ అమ్మగారు ఏ పనీ చేయనని చెబితే ఆవిడ ఒక్కరి పని కాదు పోయేది, నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు అరుగుల మీద కూర్చుని అల్లుతున్న ఎంతోమంది పని లెక్కలోంచి జారిపోతుంది.

ఎలా జారిపోతుందో చెబుతాను. మా ట్యాబ్‌లో ప్రతి మనిషికీ ఒక కోడ్ వేయాలి. సొంతంగా పని చేసుకునేవాళ్ళు 11. ఇంటివాళ్ళ వ్యవసాయంలోనో, కొట్లోనో జీతం లేకుండా చేయి వేసేవాళ్ళు 21. కూలి 51. చదువుకుంటుంటే 91. ఇంటిపని మాత్రమే అయితే 92. ఇంటిపనితో పాటు కట్టెలు, గడ్డి ఏరి తెచ్చుకోవడం, ఇంటి అవసరానికి కుట్టుకోవడం లాంటివి చేస్తే 93. ఈ 92, 93 పడితే ఆ మనిషి శ్రామికుల లెక్కలో ఉండదు. మీ అమ్మగారికి పోయిన వారం ఎన్యూమరేటర్ 92 వేసి ఉంటాడు. నిజానికి ఏజెంటు దగ్గర దారం తెచ్చుకుని ఇంట్లో అల్లి ఇచ్చేవాళ్ళు సొంతంగా పని చేసుకునేవాళ్ళ కిందికే వస్తారు, అంటే 11. గేదె పాలు అమ్మినా పనే, ఒక్క చుక్క అమ్మకుండా ఇంట్లోనే వాడుకున్నా పనే, ఎందుకంటే పంట, పాలు, చేపలు లాంటివి ఇంటికోసం పండించుకున్నా, పట్టుకున్నా ఈ సర్వే పనిగానే లెక్కేస్తుంది. కానీ ఇంటికోసం ఆవకాయ పెట్టుకుంటే రాదు, వడ్లు దంచుకుంటే రాదు. అదే ఆవకాయ అమ్మకానికి పెడితే వస్తుంది. ఈ గీత ఇక్కడే ఎందుకు గీశారని నాతో వాదించిన ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళ వాదనలో న్యాయం ఉంది.

ఏడు రోజుల లెక్కలో ఏ ఒక్క రోజైనా ఒక్క గంట పని చేసినా ఆ వారం పనిలో ఉన్నట్టే రాస్తారు. దానికి తోడు ఏ రోజు ఎన్ని గంటలు అన్నది కూడా విడిగా రాస్తారు. అందుకని గంటలు జాగ్రత్తగా చెప్పమనండి. రోజుకు నాలుగైదు గంటలు అల్లి, వచ్చేది ఇంత అని చెబితే, ఆ పనికి గంటకు ఎంత గిడుతోందో చదివేవాడికి అర్థమవుతుంది.

సూది చూసి కూడా ఆయన అడగలేదంటే అది ఆయన తప్పే. ట్రైనింగ్‌లో మాకు చెప్పేది అదే, ఇంట్లోనే ఉంటాను అని ఆవిడ అంటే అక్కడితో ఆగకూడదు, గేదె ఉందా, కోళ్ళున్నాయా, అల్లికలు చేస్తారా, పొలంలో నాట్లకి, కోతలకి వెళ్తారా అని విడివిడిగా అడగాలి. రోజుకు ఇన్ని ఇళ్ళు పూర్తి చేయాలన్న ఒత్తిడి మీద చాలామంది ఆగిపోతారు.

పాలకొల్లు_కుర్రాడు:

చాలా థాంక్స్ అక్కా. (అక్క అనే అనుకుంటున్నాను.) అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. "నేను అల్లేదానికి కూడా నంబరు ఉందా" అని రెండుసార్లు అడిగింది.

కానీ నాన్న సంగతే తేలడం లేదు. కౌలు అని చెబితే ఆసామికి తెలుస్తుందేమో, పొలం లాగేసుకుంటాడేమో అని భయం. అమ్మ లేసు సంగతి చెప్పడానికి ఒప్పుకుంది, నాన్న మాత్రం "నీకేం రా, నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు" అంటున్నాడు. ఇంకోటి, మా అక్క కువైట్‌లో ఉంటుంది, నెలనెలా కాదు గానీ వీలైనప్పుడు డబ్బు పంపిస్తుంది. ఇంట్లో ఎంతమంది అంటే తనని కూడా చెప్పాలా?

కొత్తపేట_రైతు:

అబ్బాయ్, మీ నాన్న భయం నాకు తెలుసు, నేనూ కౌలుకే చేస్తాను, మా నాన్నా కౌలుకే చేశాడు. డెల్టాలో పొలం పేరు ఒకరిది, చెమట ఒకరిది. ధవళేశ్వరం కాలువ నీళ్ళు పారే ఏ ఊరికైనా వెళ్ళు, గట్టు మీద నిలబడ్డవాడు పట్టాదారు అయిన పొలాలు ఎన్నుంటాయో చూడు. పంట పోతే నష్టపరిహారం పట్టాదారు ఖాతాకి పోతుంది. ధాన్యం అమ్మాలంటే ఈ-క్రాప్‌లో, అంటే ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ఎక్కించే జాబితాలో, పేరు ఉండాలి, పేరు ఎక్కాలంటే పంట సాగుదారు హక్కుల పత్రం అడుగుతారు, అది కావాలంటే ఆసామి సంతకం పెట్టాలి, పదకొండు నెలలకే పనికొచ్చే ఆ కాగితం మీద కూడా సంతకానికి ఆయన చేయి రాదు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చారు, 2019లో ఈ సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు, అయినా మా కష్టం తీరలేదు.

2011 సార్వాలో కోనసీమలో పంట విరామం ప్రకటించారు గుర్తుందా, సుమారు లక్ష ఎకరాలు బీడు పెట్టారు. అప్పుడు పేపర్లన్నీ కోనసీమ రైతులు అని రాశాయి. ఆ రైతుల్లో భూమి ఉన్నవాళ్ళెంతమంది, కౌలుకు చేసేవాళ్ళెంతమంది అని విడదీసి రాసింది నేను చూడలేదు. కౌలుదారుడికి అసలు ఆ విరామంలో మాట ఉందా అన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి. విరామం అంటే ఆసామికి ఒక పంట పోవడం, మాకు ఆ ఏడాది తిండి పోవడం.

నేను అడిగేది ఒకటే. ఆ సర్వేలో మీ నాన్న కూలి అని చెబితే, ఆ నంబర్లు చూసేవాడికి ఊళ్ళో కూలివాళ్ళు కనపడతారు, ఆసాములు కనపడతారు, మనం కనపడం. మరి కౌలు రైతుకి ఏదైనా చేయమని ఎవరి కోసం అడగాలి?

ఎకనామిక్స్_మేడం:

నేను భీమవరంలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. కొత్తపేట రైతు గారి ప్రశ్నకు జవాబు లెక్కల్లోనే ఉంది, అది చూపిస్తాను.

భూమి లెక్కలు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి రెవెన్యూ రికార్డు చూసి కట్టేవి. పట్టాదారు పేరు చూసి లెక్క కడితే నోటిమాట కౌలు కనపడే దారే లేదు. రెండోది ఇంటికి వెళ్ళి మనిషిని అడిగి రాసుకునేవి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం 77వ విడతలో రైతు కుటుంబాల పరిస్థితి మీద సర్వే చేసింది. అందులో దేశం మొత్తం మీద సాగు కమతాల్లో కౌలువి 17.3 శాతం అని వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. అదే సర్వేలో అప్పుల లెక్క కూడా ఉంది, మన రాష్ట్రంలో రైతు కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటున ఇంటికి 2,45,554 రూపాయలు. దేశం సగటు 74,121. ఈ రెండు అంకెలు వచ్చాక కౌలు రైతుల గురించి మాట్లాడేవాళ్ళు చేతిలో కాగితం పట్టుకుని మాట్లాడగలుగుతున్నారు, అసెంబ్లీలోనైనా, పేపర్లోనైనా, ధర్నా టెంట్ కిందనైనా. ఆ 42.4 ఎలా వచ్చింది? ఎక్కడో ఒక అరుగు మీద ఒక కౌలు రైతు, ఆసామి వద్దన్నా, "పొలం నాది కాదండి, కౌలుకు చేస్తున్నాను" అని చెప్పాడు కాబట్టి వచ్చింది. అప్పుడు కూడా దాచినవాళ్ళు ఉండే ఉంటారు, కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దదే అయి ఉంటుందని నా నమ్మకం.

ఆడవాళ్ళ లెక్క సంగతి ఇంకా ముఖ్యం. 2017-18లో ఇదే పీఎల్‌ఎఫ్‌ఎస్ ప్రకారం దేశంలో పల్లెల్లో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పని చేస్తున్నవాళ్ళు, పని వెతుక్కుంటున్నవాళ్ళు కలిపి 24.6 శాతం. 2023-24కి అది 47.6 శాతానికి వచ్చింది. ఆరేళ్ళలో రెట్టింపు దగ్గరికి. పల్లెల్లో అంతమందికి కొత్తగా ఉద్యోగాలు దొరికాయా? దొరకలేదు, పెరిగినదాంట్లో ఎక్కువ భాగం సొంత పనులు, ఇంటివాళ్ళ వ్యవసాయంలోనో, కొట్లోనో జీతం లేని సాయం. కొందరు ఇది బతుకు భారమై పనిలోకి దిగడం అంటారు, కొందరు ఇంతకుముందు అడగనివి ఇప్పుడు అడిగి రాస్తున్నారు అంటారు. నాకు రెండూ కొంత కొంత నిజమనిపిస్తుంది. కానీ మీ అమ్మగారి లాంటివాళ్ళ పని ఉన్నా రాయకపోతే ఈ వాదన ఎప్పటికీ తేలదు. 2024 సమయ వినియోగ సర్వే చూడండి, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 88 నిమిషాలు. ఆ 289 నిమిషాల తర్వాత మీ అమ్మగారు అరుగు మీద కూర్చుంటున్నారు.

వైనతేయ_గట్టు:

మేడం గారూ, మీరు చెప్పింది కాదనను. 42.4 అన్నది నాకు ఇప్పటిదాకా తెలియదు. కానీ ఒక్కటి అడుగుతాను, ఇన్నేళ్ళుగా ఈ అంకెలు ఉన్నాయి కదా, కౌలు రైతుకి ఏం ఒరిగింది? నిజం చెప్పడానికి ధైర్యం మేం చేయాలి, నష్టం మేం భరించాలి, లాభం ఎప్పుడో వస్తుందో రాదో.

ఎకనామిక్స్_మేడం:

అండీ, మీరడిగింది న్యాయమైన ప్రశ్న. అంకె ఉంటే పని జరిగి తీరుతుందని నేను అనను. అంకె లేకపోతే మాత్రం అడగడానికే ఉండదు. ఖర్చుల సర్వే సంగతే తీసుకోండి. 2011-12 తర్వాత మళ్ళీ 2022-23 దాకా కుటుంబ ఖర్చుల ఫలితాలు రాలేదు. మధ్యలో 2017-18లో సర్వే చేశారు గానీ నాణ్యత బాగాలేదని ఆపేశారు. ఆ పదేళ్ళూ పేదరికం తగ్గిందని ఒకరు, పెరిగిందని ఒకరు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు, ఎవరినీ నిలదీయడానికి లేకపోయింది. ఇప్పుడు 2023-24 లెక్కలో మన రాష్ట్రం పల్లెల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 5,327 రూపాయలు, దేశంలో పల్లెల సగటు 4,122 అని ఉంది. ఇది మంచిదా చెడ్డదా అని వాదించుకోవచ్చు, అప్పు చేసి పెట్టిన ఖర్చు కూడా ఖర్చే కదా అని అడగచ్చు, నేను క్లాసులో అడుగుతాను కూడా. కానీ వాదించుకోవడానికి ఒక నేల ఉంది.

జనాభా లెక్కలదీ అదే కథ. 2021లో జరగాల్సింది జరగలేదు, ఇప్పుడు 2027 మార్చి 1 నాటికి లెక్క. మధ్యలో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. మా స్టూడెంట్ ఒకమ్మాయి కోనసీమ జిల్లా మీద ప్రాజెక్టు చేస్తానంటే, ఆ పేరుతో 2011 లెక్కల్లో జిల్లానే లేదు. ఉమ్మడి తూర్పు గోదావరి అయితే 51,54,296 అని ఒక్క వరసలో దొరుకుతుంది. కోనసీమకి మండలాల వారీగా విప్పి, ఇప్పటి జిల్లాలో ఉన్న మండలాలు ఏరి కూడుకోవాల్సి వచ్చింది, అది కూడా పదిహేనేళ్ళ కిందటి జనం. పీఎల్‌ఎఫ్‌ఎస్ వాళ్ళు ఊళ్ళను ఎంచుకునేది కూడా ఆ 2011 జాబితాలోంచే. గోదావరి కోసుకుపోయిన లంక ఊళ్ళలో అప్పుడున్న ఇళ్ళెన్ని, ఇప్పుడున్నవెన్ని?

సర్వే_సంచి:

అక్కనే తమ్ముడూ. నీ రెండు ప్రశ్నలకు జవాబు చెబుతాను.

కువైట్‌లో ఉన్న మీ అక్కని ఇంట్లో మనిషిగా చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో ఉంటూ ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళే సభ్యులు, ఆరు నెలలకు మించి బయట ఉంటున్నవాళ్ళు రారు. నువ్వూ రావు. నిన్ను హైదరాబాద్‌లో నువ్వున్న ఇంట్లో లెక్కేస్తారు, అది ఎంపికైతే. కానీ తను పంపే డబ్బు ఇంటికి వస్తోంది కాబట్టి అడిగినప్పుడు చెప్పాలి. కోనసీమలో గల్ఫ్ డబ్బు మీద నడిచే ఇళ్ళు నేను చాలా చూశాను. "ఇంట్లో ఎవరూ సంపాదించరు" అంటారు, వెనక కొత్త స్లాబు వేసి ఉంటుంది. ఆ స్లాబు వెనక ఒక ఆడపిల్ల పరాయి దేశంలో ఇంటిపని చేస్తోంది, ఆ సంగతి ఏ లెక్కలోనూ పడదు.

ఇక నాన్నగారి సంగతి. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో ఆసామి పేరు, సర్వే నంబరు అడగరు. పొలం ఎవరి పేరున ఉందన్నది కాదు, సాగు ఎవరు చేస్తున్నారు, లాభం వచ్చినా నష్టం వచ్చినా ఎవరిది అన్నది చూస్తారు. మీ నాన్నగారు పెట్టుబడి తనే పెట్టి, ఆసామికి బస్తాలు కొలిచి, మిగిలింది తను ఉంచుకుంటున్నారు కాబట్టి ఆయన సొంతంగా వ్యవసాయం చేసేవాడు, కోడ్ 11. ఖాళీ రోజుల్లో కూలికి వెళ్తే ఆ రోజుకు కూలి అని చెబుతారు. రోజు రోజుకూ విడిగా రాసుకుంటారు కాబట్టి రెండూ పడతాయి. ఆసామికి ఈ కబురు వెళ్ళే దారే లేదు. మండలాఫీసుకి వెళ్ళదు, సచివాలయానికి వెళ్ళదు, బ్యాంకుకి వెళ్ళదు. అయినా భయంగా ఉంటే ఒక పని చేయమనండి, అరుగు మీద పదిమంది మధ్యన కాకుండా ఇంట్లో కూర్చోబెట్టి చెప్పమనండి. కబురు ఆసామి దాకా వెళ్తే ట్యాబ్‌లోంచి కాదు, పక్కింటి వాళ్ళ నోట్లోంచి వెళ్తుంది. మేం కూడా పక్కవాళ్ళని కాసేపు వెళ్ళమని అడగాలి, అది మా పనిలో భాగమే.

ఖర్చు అడిగినప్పుడు కూడా తగ్గించక్కర్లేదు, పెంచక్కర్లేదు. 2022-23లో ఖర్చుల సర్వే జరిగినప్పుడు చేపలు, కూరగాయలు, నూనె లాంటివి పోయిన ఏడు రోజులవి అడిగేవారు, బట్టలు, చదువు, ఆస్పత్రిలో చేరిన ఖర్చు లాంటివి ఏడాదివి. వరద నీళ్ళు ఎర్రగా తిరిగిన రోజుల్లో పులస కొనుక్కున్న ఇల్లు ఒకటి ఉందనుకోండి, వేలు పెట్టి కొన్నాం, ఇది రాస్తే మమ్మల్ని షావుకార్లు అనుకుంటారని ఆవిడ దాచేస్తుంది. దాచక్కర్లేదు. సర్వే ఏడాది పొడుగునా జరుగుతుంది, పులస తిన్న వారం దొరికే ఇల్లు ఒకటైతే, పచ్చడి మెతుకులతో గడిపిన వారం దొరికే ఇళ్ళు ఎన్నో ఉంటాయి, అన్నీ కలిసే సగటు వస్తుంది. సొంత పొలం బియ్యం, పెరటి కొబ్బరికాయ కూడా చెప్పాలి, కొనలేదు కదా అని వదిలేయకూడదు, వాటికి పొలం దగ్గరి ధర కట్టి రాస్తారు.

నిజమైన సర్వేనా కాదా అని అనుమానం ఉంటే గుర్తింపు కార్డు, ఆఫీసు లెటరు చూపించమనండి, ఫోటో తీసుకోండి. ఇంకా నమ్మకం కుదరకపోతే జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళకి మీకు దగ్గర్లో ఉన్న ఆఫీసుకి ఫోన్ చేసి మీ ఊళ్ళో ఈ సర్వే జరుగుతోందా అని అడగండి. ఓటీపీ అడిగినా, డబ్బు అడిగినా, ఏదైనా యాప్ వేసుకోమన్నా సర్వే కాదు, మోసం. అక్కడే పంపేయండి.

పోయినసారి చెప్పింది మార్చవచ్చా అంటే, మార్చవచ్చు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ ముందు ఏడు రోజుల పని ఎలాగూ కొత్తగా అడుగుతారు, అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. మొదటిసారి భయపడి అలా చెప్పామని కూడా చెప్పమనండి, ఆయన పై సూపర్‌వైజర్‌కి చెప్పి దిద్దించే ప్రయత్నం చేస్తాడు. ఎవరూ కోప్పడరు. నేను పనిచేసిన రోజుల్లో రెండోసారి వెళ్ళినప్పుడు జవాబు మారిన ఇళ్ళే ఎక్కువ, ఎందుకంటే అప్పటికి మనిషి మీద కొంచెం నమ్మకం కుదురుతుంది.

కొత్తపేట_రైతు:

సంచి అక్క చెప్పినట్టు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పమను అబ్బాయ్. ఇంకోమాట, మీ మండలంలో సహాయ గణాంక అధికారి ఉంటారు, పంట కోత ప్రయోగాలు చేసేది వాళ్ళే. వరి చేలో ఐదు మీటర్లు పొడవు, ఐదు మీటర్లు వెడల్పు తాడుతో కొలిచి, ఆ మేర కోసి, నూర్చి తూకం వేస్తారు. మా చేలో ఒకసారి వేశారు, నేను పక్కనే నిలబడి చూశాను. తూకం వేసేటప్పుడు పట్టాదారు ఎవరని అడగలేదు, చేను ఎలా పండిందో చూశారు. దాన్నిబట్టే దిగుబడి లెక్క, బీమా లెక్క. మంచి చేను చూపించి బాగా పండించానని అనిపించుకోవాలని ఒకడు, బీమా కోసం పాడు చేను చూపించాలని ఒకడు తిరుగుతారు, కానీ ఏ సర్వే నంబరు, అందులో ఏ మూల అన్నది ముందే లాటరీలో తేలిపోయి ఉంటుంది. మనం చేయగలిగింది ఆ తాడు వంకర పడకుండా చూసుకోవడమే.

పాలకొల్లు_కుర్రాడు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. సంక్రాంతికి ఎలాగూ వెళ్ళాలనుకున్నాను గానీ, ఆయన వచ్చే రోజు కనుక్కుని అప్పుడే సెలవు పెట్టి వెళ్తాను, నాన్న పక్కన కూర్చుంటాను. నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, "ఆసామి పేరు అడిగితే మాత్రం లేచి వెళ్ళిపోతాను" అన్నాడు. అడగరని సంచి అక్క చెప్పిన మాట మీద ఉన్నాను. అమ్మ అయితే ఇప్పటినుంచే పుస్తకంలో ఏ రోజు ఎన్ని గంటలు అల్లిందో రాసుకుంటోంది. నిన్న రాత్రి కరెంటు పోయి అల్లిక ఆగిపోతే ఆ గంట కొట్టేసిందట.